ఎలీసమ్మ దగ్గరున్న సగం సినిమా

తొంభైలో కువైట్ మీద యుద్ధం వచ్చిపడ్డప్పుడు కోనసీమ ఆడవాళ్ళు ఎంతోమంది కట్టుబట్టలతో వెనక్కి వచ్చారు. బాగ్దాదు మీదుగా బస్సుల్లో, జోర్డాను ఎడారిలో డేరాల కింద, ఎవరో పెట్టిన రొట్టెలు తింటూ చివరికి విమానం ఎక్కి బొంబాయి చేరినవాళ్ళు. అందుకని ఎలీసమ్మ ముమ్మిడివరంలో బస్సు దిగేసరికి చేతిలో ఒకే ఒక్క సంచి ఉన్నా పేటలో ఎవరూ ఏమీ అనలేదు. బంగారం తేలేదని సణిగినవాళ్ళు కూడా లేరు. అందరూ ముక్కున వేలేసుకున్నది ఆ సంచిలోంచి బయటికొచ్చినదాన్ని చూసి.

భర్త సాలమోను సంచి తెరిచాడు. ఒక చీర, ఒక తువ్వాలు, వాటి మధ్య పెద్ద పళ్ళెమంత రేకు డబ్బా. మూత తీస్తే లోపల నల్లగా మెరుస్తూ చుట్ట చుట్టిన రీలు.

"ఏటే ఇది?"

"సినిమా."

"అంత దూరం నించి, ఆ ఎడారిలో, ఇది మోసుకొచ్చేవా?"

"ఆయ్."

"ఎవరిదీ?"

"మా బాబాది. రెండు డబ్బాలుండేయి. ఒకటి నాకిచ్చేడు. రెండోది ఆయనట్టుకెళ్ళేడు."

సాలమోను కొబ్బరికాయలు ఒలిచే మనిషి. మాట తక్కువ. భార్య ప్రాణాలతో వచ్చింది, అంతకంటే అడగాల్సింది ఏముంది అనుకున్నాడు. మూత పెట్టేసి డబ్బాని అటక మీదకి ఎక్కించాడు. దారిలో మిగతా ఆడవాళ్ళు దుప్పట్లు, గిన్నెలు, ఆఖరికి చెప్పులు కూడా వదిలేసుకున్నారు. ఎలీసమ్మ మాత్రం ఆ డబ్బాని వదల్లేదు. సరిహద్దులో ఒక సిపాయి మూత తీయించి, కొసని ఎండలోకి పట్టుకుని చూసి, నవ్వి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు.

కువైట్లో ఆమె పనిచేసిన ఇంట్లో అందరికంటే పెద్దాయన్ని ఆమె బాబా అని పిలిచేది. ఆయనకి చెవులు పూర్తిగా పోయాయి. కొడుకులు, కోడళ్ళు, మనవలు ఇల్లంతా గలగలలాడుతుంటే ఆయన మధ్యలో కూర్చుని ఎవరి పెదాలు కదిలితే వాళ్ళ వైపు చూసేవాడు. ఎలీసమ్మ పరిస్థితీ ఇంచుమించు అదే. చెవులున్నాయి గాని ఆ మాటలు ఆమెవి కావు. ఉప్పు తెమ్మంటే చీపురు తెచ్చిన రోజులున్నాయి. ఇంటిల్లిపాదీ నవ్వితే తనూ నవ్వేది, ఎందుకో తెలియకుండానే. తనని చూసే నవ్వుతున్నారని తర్వాత అర్థమయ్యేది.

గురువారం సాయంత్రాలు బాబా హాల్లో తెల్ల గోడకి ఎదురుగా పాత ప్రొజెక్టరు పెట్టేవాడు. ఏదో చమురు కంపెనీలో పని మానేసి వెళ్ళిపోతూ ఒక తెల్ల ఆఫీసరు ఇచ్చిపోయిందట. దాంతో వచ్చింది ఒక్కటే సినిమా. మాటలు లేవు, పాటలు లేవు, రంగులు లేవు. మధ్యమధ్య అక్షరాలు పడేవి గాని ఆ భాష ఆ ఇంట్లో ఎవరికీ రాదు. అవి పడ్డప్పుడల్లా పిల్లలు పోటీపడి అరిచేవారు, ఎవరికి తోచిన అర్థం వాళ్ళు.

మొదటిసారి ఎలీసమ్మ టీ కప్పులు తీయడానికి వెళ్ళి గుమ్మంలో నిలబడిపోయింది. గోడ మీద ఒక బుర్రమీసాల పెద్దమనిషి ఇనుముతో పెద్ద గుండులాంటి బండి చేయిస్తున్నాడు. గంగాళం మీద గంగాళం బోర్లించినట్టుంది. అందులో ఎక్కి చుక్కల్లోకి వెళ్ళాలని ఆయన ఆలోచన. నలుగురు మగవాళ్ళు టోపీలు పెట్టుకుని ఎక్కారు. వాళ్ళకి వండిపెట్టడానికి ఒక వంటమనిషి. లావుపాటి ఆవిడ, నడుముకి గుడ్డ, చేతిలో గరిటె. ఆవిడ చంకలో ఒక కోడిపెట్ట కూడా ఉంది. బండి ఆకాశంలోకి లేచాక అందరూ గాల్లో తేలిపోతుంటే కోడిపెట్ట చేతికి చిక్కక గిరగిరా తిరిగింది. దాన్ని పట్టుకోవడానికి ఆవిడ గరిటెతో ఈదింది.

పిల్లలు విరగబడి నవ్వారు. బాబా నవ్వాడు. ఎలీసమ్మకి కూడా నవ్వొచ్చేసింది, చేతిలో కప్పులు గలగలమనేంత. అప్పుడు తట్టింది ఆమెకి. ఆ ఇంట్లో వాళ్ళందరితో పాటు, వాళ్ళు నవ్విన క్షణంలోనే, వాళ్ళు నవ్వినదానికే తను నవ్వడం అదే మొదటిసారి. బాబా వెనక్కి తిరిగి చూసి, కూర్చోమని చేత్తో నేల చూపించాడు. ఆ తర్వాత ప్రతి గురువారం తివాచీ అంచున ఆమెకి చోటు ఉండేది.

ఎన్నిసార్లు చూసినా విసుగు పుట్టలేదు. చుక్కమీద మనుషులు తాటిచెట్లంత పొడుగు, తలమీద గాజు కుండల్లాంటి టోపీలు, నీళ్ళలో నడిచినట్టు నెమ్మదిగా నడిచేవారు. వాళ్ళకి నిప్పంటే తెలీదు. వంటమనిషి మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేస్తే పొగ చూసి హడలిపోయి వెనక్కి వెనక్కి వెళ్ళారు. మొదటి డబ్బా అక్కడితో అయిపోయేది. రెండో డబ్బాలో మెల్లిగా దగ్గరకొచ్చి, వేడి అన్నది చేతులకి తగిలితే ఎలా ఉంటుందో తెలుసుకున్నారు. చివరికి తిరుగుప్రయాణం. బండి లేవలేదు. బరువెక్కువైంది. మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నోరు విప్పకముందే వంటమనిషి తనంతట తనే కిందకి దిగింది. బండి లేచింది. ఆవిడ కింద నిలబడి గరిటె ఊపుతూ చిన్నదైపోయింది. అక్కడ బాబా దీపం ఆర్పేసేవాడు. ఆ చీకట్లో పిల్లలు కాసేపు కదిలేవారు కాదు.

యుద్ధం వచ్చిన వారానికి ఆ కుటుంబం కార్లెక్కి సౌదీ వైపు వెళ్ళిపోయింది. సౌదీ దాకా ఎలీసమ్మని తీసుకెళ్ళలేం, మన దేశంవాళ్ళు పోగవుతున్న చోట దింపుతామన్నారు. దింపేటప్పుడు బాబా తన ఒళ్ళోంచి ఒక డబ్బా తీసి ఆమెకిచ్చాడు. రెండో డబ్బాని గుండెకి ఆనించుకుని, రెండు చూపుడువేళ్ళూ దగ్గరగా తెచ్చి కలిపి చూపించాడు. మళ్ళీ కలిపి చూద్దామని. ఆమెకి అలాగే అర్థమైంది.

ఇంటికొచ్చాక ఎలీసమ్మకి కాలు నిలిచేది కాదు. వంట మధ్యలో లేచి కాలవగట్టు దాకా వెళ్ళొచ్చేది. రేవులో బట్టలు పిండుతూ మధ్యలో వదిలేసి అటూ ఇటూ తిరిగేది. "ఏటే, ఏదైనా పారేసుకున్నావా?" అని అడిగేవారు. కూతురు లిడియాకి అప్పుడు ఆరేళ్ళు. మధ్యాహ్నాలు దాన్ని కూర్చోబెట్టుకుని, రీలు కొసని కిటికీ వెలుతురుకి పట్టి, ఒక్కో బొమ్మా చూపించేది. "ఇదిగో, ఈవిడే. ఇదిగో కోడి." అగ్గిపుల్ల తలకాయంత బొమ్మలు. పిల్ల కళ్ళు చికిలించి చూసి, "కదలట్లేదు గదే అమ్మా," అనేది.

కదిలించే మిషను ఎక్కడుందో ఎలీసమ్మకి డిసెంబరులో తెలిసింది. క్రిస్మసు ముందు పాస్టరు శామ్యూల్ గారు మందిరం ఆవరణలో బైబిలు సినిమా వేశారు. ఆ ప్రొజెక్టరు చూడగానే ఆమె జనంలోంచి లేచి దాని పక్కకి వెళ్ళి నిలబడింది. అచ్చం బాబాదే. మర్నాడు పొద్దున్నే డబ్బా చంకన పెట్టుకుని ఆయన గుమ్మంలో ఉంది.

"అందులో ఏవుందో తెలీకుండా మందిరం గోడ మీద ఎలా వేస్తానమ్మా?" అన్నారాయన.

"చెడ్డదేం లేదండి అయ్యగారూ. చుక్కల్లోకెళ్తారండి, అంతే. ఒక వంటావిడ ఉంటాదండి."

శామ్యూల్ గారు ముందు తన ఇంట్లో తలుపులు మూసి వేసుకుని చూశారు. కోడిపెట్ట దగ్గర ఆయన నవ్వడం బయట అరుగు మీద కూర్చున్న ఎలీసమ్మకి వినబడింది. బయటికొచ్చి, "క్రిస్మసు మర్నాడు వేద్దాంలే," అన్నారు.

ఆ రోజు పేటంతా వచ్చింది. పక్క ఊళ్ళనుంచి కూడా వచ్చారు, కువైట్ నుంచి తెచ్చిన సినిమా అంటే. పేటలో చేపలమ్మే వరహాలమ్మ గంప పక్కన పెట్టుకుని ముందు వరసలో కూర్చుంది. బొమ్మ పడింది. కాసేపటికే వెనకనుంచి కేకలు మొదలయ్యాయి. "సౌండేదీ? అయ్యగారండీ, సౌండు పోయిందండీ!" ఎవరో ఈల వేశారు. కుర్రకారు సొంతంగా డైలాగులు అందుకున్నారు. బుర్రమీసాలాయనకి ఊళ్ళో ఒక పెద్దమనిషి పేరు పెట్టారు. పాట వస్తుందని చూసి చూసి ఆడవాళ్ళు పిల్లల్ని లేపుకుని వెళ్ళిపోయారు. పొగ చూసి చుక్కమనుషులు వెనక్కి జరుగుతుండగా రీలు అయిపోయి గోడ తెల్లబడేసరికి ఆవరణలో మిగిలింది పట్టుమని పదిమంది.

"తరవాతేటి?" అంది వరహాలమ్మ.

"మిగతాది లేదు పిన్నీ. నేను చెప్తాను." ఎలీసమ్మ గోడ ముందు నిలబడి, వంటమనిషి దిగిపోవడం దాకా చెప్పింది.

వరహాలమ్మ గంప ఎత్తుకుంది. "అంటే అందరికీ వండిపెట్టినదాన్ని అక్కడ ఒదిలేసొచ్చేరా? అదేం సినిమా అమ్మా, ముదనష్టపు సినిమా!" అంటూ విసవిసా వెళ్ళిపోయింది.

ఎలీసమ్మకి ఆ మాట నాటుకుంది. సినిమా నవ్వులపాలైనందుకు బాధ కాదు. ఆ సినిమా తనకి చేసినది వీళ్ళకి ఎందుకు చెయ్యలేదో అర్థం కాలేదు. మొత్తం ఉంటే, రెండో డబ్బా ఉంటే, అందరూ కదలకుండా కూర్చునేవారనుకుంది. ఆ డబ్బా కోసమే అని సాలమోనుకి కూడా చెప్పకుండా, యుద్ధం సర్దుమణిగాక మళ్ళీ వీసా తీసుకుని కువైట్ వెళ్ళింది.

ఈసారి వేరే ఇల్లు. సెలవు దొరికిన శుక్రవారం ఒకటి పట్టుకుని పాత వీధి వెతుక్కుంటూ వెళ్తే ఆ ఇంట్లో ఇంకెవరో ఉన్నారు. హాల్లో ఆ తెల్ల గోడకి నిలువెత్తు అద్దం బిగించారు. ఎదురింటి డ్రైవరు, మలయాళీ, తల అడ్డంగా ఊపాడు. వాళ్ళు తిరిగి రాలేదు, ఈజిప్టు వెళ్ళారంటారు, ముసలాయన సంగతి తెలీదు అన్నాడు. ఎలీసమ్మ ఒప్పందం ప్రకారం ఉండాల్సినన్నాళ్ళూ ఉంది. బజారులో ఎదుటివాళ్ళ పెదాలకేసి చూస్తూ నిలబడే ముసలివాళ్ళు కనబడితే వెనకాలే నడిచేది. తొంభై అయిదులో ఇంటికొచ్చేసింది.

ఆ మరుసటి ఏడు నవంబరులో తుపాను వచ్చింది.

ఆ తుపాను సంగతి కోనసీమలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కొబ్బరితోటలు పడుకుండిపోయాయి. రోడ్లకడ్డంగా చెట్లు, కరెంటు స్తంభాలు, పశువులు. రొయ్యపిల్లల వేటకని సముద్రపొడ్డుకి వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. వాళ్ళలో వరహాలమ్మ కొడుకు, కోడలు ఉన్నారు.

ఎలీసమ్మ ఇల్లు పడిపోయింది. సాలమోను, లిడియా, ఆమె స్కూలు బిల్డింగులో తలదాచుకున్నారు. నాలుగు ఊళ్ళ జనం అక్కడే. అన్నం పొట్లాలు వచ్చేవి, తినేవారు. అంతమంది ఒక్కచోట ఉండి అంత నిశ్శబ్దంగా ఉండటం ఎలీసమ్మ ఎప్పుడూ చూడలేదు. పిల్లలు కూడా ఆడేవారు కాదు. వరహాలమ్మ గోడకి జేరబడి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎవరు పలకరించినా వాళ్ళ పెదాలకేసి చూసేది గాని బదులు చెప్పేది కాదు. ఆ చూపు ఎలీసమ్మ ఎరుగును. చూడలేక లేచి వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడిచేది.

సహాయం చేసేవాళ్ళెవరో ఒక జనరేటరు తెచ్చిపెట్టారు. శామ్యూల్ గారు పిల్లలకి ఏదైనా బొమ్మ వేద్దామనుకున్నారు. ఆయన ఇంట్లో నడుములోతు నీళ్ళు నిలిచాయి. కింద పెట్టెలో ఉన్న బైబిలు రీళ్ళన్నీ బురదయ్యాయి. సౌండు పెట్టె నాశనమైంది. ప్రొజెక్టరు బల్లమీద ఉండబట్టి బతికింది. ఎలీసమ్మ రెండోసారి కువైట్ వెళ్తూ అప్పగిస్తే ఆయన బీరువా పై అరలో దాచిన డబ్బా కూడా.

"నీదొక్కటే మిగిలింది ఎలీసమ్మా. దానికి సౌండు అక్కర్లేదు కూడాను," అన్నారాయన.

పొద్దుగూకే వేళ స్కూలు గోడకి ఎవరిదో తెల్లపంచె కట్టి బొమ్మ వేశారు. ఎలీసమ్మ కూర్చోలేదు. ఈలలు పడతాయేమోనని చేతులు నలుపుకుంటూ పంచె పక్కన నిలబడి జనం మొహాలే చూసింది. ఎవరూ సౌండేదని అడగలేదు. ఇనుప గుండు లేచింది. మనుషులు గాల్లో తేలారు. కోడిపెట్ట తిరిగింది. ఎక్కడో ఒక పిల్ల కిసుక్కున నవ్వింది. నవ్వి, తప్పు చేసినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఇంకొకరు. తర్వాత, ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నారో, వరండాలో ఉన్నవాళ్ళంతా. నవ్వుతూ నవ్వుతూ కొందరు ఏడ్చేశారు. ఎవరినీ ఎవరూ ఓదార్చలేదు, బొమ్మ చూస్తూనే ఉన్నారు.

పొగ లేచింది, చుక్కమనుషులు వెనక్కి జరిగారు, పంచె తెల్లబడింది. అప్పుడు గోడవారనుంచి వరహాలమ్మ గొంతు. ఆ స్కూలుకి వచ్చాక ఆమె మాట్లాడటం అదే మొదటిసారి.

"ఎలీసమ్మా. ఈసారైనా ఆ వంటమ్మిని తెచ్చేరా?"

ఎలీసమ్మ ఆమె మొహం చూసింది. "తెచ్చేరు పిన్నీ."

"బరువన్నారు గదా?"

"ఆ మీసాలాయన ఇనప పెట్టెలు, దుర్భిణీలు అయ్యీ ఉన్నాయి గదా. అయ్యన్నీ బయటికి గిరాటేసేడు. అప్పుడు లేచింది."

వరహాలమ్మ నిటారుగా కూర్చుంది. "మరి ముందే గిరాటెయ్యాలి గదా, ఎదవ," అంది. పక్కనున్న అన్నం పొట్లం విప్పుకుంది.

మర్నాడు మళ్ళీ అదే బొమ్మ వెయ్యమన్నారు. ఆ మర్నాడూ. బయట ఊళ్ళనుంచి సహాయానికొచ్చినవాళ్ళు కూడా జనంలో కూర్చునేవారు. బొమ్మ అయ్యాక ఎలీసమ్మ మిగతా కథ చెప్పేది. కథ పెరుగుతూ వచ్చింది. వంటమనిషికి చుక్కమనుషులు కానుకలిచ్చారు. కోడిపెట్ట అక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేసింది. బండి ఊళ్ళో దిగేసరికి మేళతాళాలు.

ఒకనాడు లిడియా తల్లిని పక్కకి లాగింది. పన్నెండేళ్ళ పిల్ల. "అమ్మా, కిటికీ దగ్గర నాకు చెప్పినప్పుడు ఆవిడ దిగిపోయిందన్నావు. ఇప్పుడేమో తెచ్చేరంటన్నావు. ఏది నిజం?"

"సగం బాబా దగ్గరుంది. అందులో ఏవుందో ఇప్పుడు నాకేం తెలుసు?" అంటూ తప్పించుకుని బయటికి నడిచింది. పడిన చెట్లు దాటుకుంటూ చాలాదూరం వెళ్ళింది. అబద్ధం చెప్పినందుకు కాదు ఆమె కాళ్ళు అలా పరిగెత్తింది. సినిమాలో ఆ వంటమనిషిని ఎవరూ తొయ్యలేదు. తనంతట తను దిగింది. అంతమంది మగవాళ్ళకి లేని తెగువ ఆవిడకి ఉంది. వెనక్కి తెచ్చేస్తే ఆ దిగడం చెరిగిపోయింది. తెచ్చెయ్యకపోతే వరహాలమ్మ అన్నం తినదు. ఈ రెంటి మధ్యా ఎలీసమ్మ ఏళ్ళ తరబడి అటూ ఇటూ కొట్టుకుంది.

ఎందుకంటే ఆ తర్వాత సినిమాకి గిరాకీ పెరిగింది. తుపాను స్కూల్లో చూసినవాళ్ళు తమ ఊళ్ళకి వెళ్ళి చెప్పుకున్నారు. మందిరాలకి పిలిచారు. ఒకసారి అప్పనపల్లి దగ్గర ఓ ఊళ్ళో వినాయకచవితి పందిట్లో కూడా వేశారు. ఇంటింటికీ కేబులు టీవీ వచ్చేసిన రోజులవి. అయినా జనం వచ్చేవారు. ముసలివాళ్ళూ, పసివాళ్ళూ, పనికొచ్చిన ఒరిస్సా కూలీలూ పక్కపక్కన కూర్చుని ఒకేసారి నవ్వేవారు. వాళ్ళని చూస్తే ఎలీసమ్మకి తివాచీ అంచు గుర్తొచ్చేది. బొమ్మ అయ్యాక లేచి నిలబడి జనాన్ని ఒకసారి పరికించి, ఆ రోజు వంటమనిషిని తేవాలో వదిలెయ్యాలో అప్పుడు నిర్ణయించుకునేది. ఏది చెప్పినా ఇంటికొచ్చాక రెండోది చెప్పాల్సిందనిపించేది.

కొత్త శతాబ్దం మొదట్లో శామ్యూల్ గారికి బదిలీ అయింది. ప్రొజెక్టరు బల్బు పోతే కాకినాడలో కూడా దొరకలేదు. రీలు తెగిన చోటల్లా అతికించీ అతికించీ కోడిపెట్ట సగం ఎగిరిపోయింది. ఒక ఎండాకాలం ఎలీసమ్మ డబ్బా మూత తీస్తే పులిసిన కల్లు వాసన కొట్టింది. రీలు వంకర్లు తిరిగి, పట్టుకుంటే పెళుసుగా విరిగింది. సాలమోను, "పోనీలేవే, ఎంతమందో చూసేరు," అన్నాడు. ఆమె విరిగిన ముక్కల్ని ఎవరినీ పారెయ్యనివ్వలేదు.

లిడియా చదువుకుని కొత్తపేటలో ఇంగ్లీషు టీచరైంది. రెండువేల ఎనిమిదిలో ఒక ఆదివారం ఇంటికొచ్చినప్పుడు డబ్బాలోంచి మొదటి ముక్క ఒకటి తీసుకెళ్ళింది. అందులో సినిమా పేరు అక్షరాలున్నాయి. భూతద్దంతో చూసి కాగితం మీద దించి, వాళ్ళ స్కూల్లో కంప్యూటరు చెప్పే శివశంకర్‌కిచ్చింది. అది జర్మను మాట అని, ఆ సినిమా మొత్తం ఎక్కడో దేశంలో భద్రం చేసి ఇంటర్నెట్లో పెట్టారని అతను కనుక్కున్నాడు. అమలాపురం నెట్ సెంటర్లో కూర్చుని దింపుకోవడానికి రెండు మూడు సాయంత్రాలు పట్టింది.

స్కూలు కంప్యూటరు గదిలో ఎలీసమ్మని కుర్చీలో కూర్చోబెట్టారు. తెర మీద బొమ్మ పడింది. గీతలు లేవు, అతుకులు లేవు. కోడిపెట్ట నిండుగా ఎగిరింది. మొదటి సగం అంతా ఆమె నవ్వుతూనే ఉంది. పొగ తర్వాత, పద్దెనిమిదేళ్ళుగా నోటితో చెప్తూ వచ్చినది కళ్ళతో చూస్తుంటే కుర్చీ అంచుకి జరిగింది. వంటమనిషి దిగింది. అవును, తనంతట తనే. గరిటె ఊపింది. చిన్నదైపోయింది.

దీపం ఆరలేదు. సినిమా ఇంకా ఉంది.

గుండు ఊళ్ళో దిగింది. జనం, జెండాలు, బ్యాండు. బుర్రమీసాలాయన మెడలో పతకం వేశారు. మిగతావాళ్ళు టోపీలు ఎగరేశారు. బల్లల మీద విందు. వడ్డించడానికి ఇంకో ఆవిడ వచ్చింది. ఆ పైన ముగింపు అక్షరాలు.

"అంతేనా?" అంది ఎలీసమ్మ.

"ఆయ్, అంతేనండి అమ్మగారూ," అన్నాడు శివశంకర్.

"ఆవిడ మాటే ఎత్తలేదు."

"అంటే, ఇది ఆ సైంటిస్టు కథ గదండీ. ఆవిడ మధ్యలో కామెడీ కోసం పెట్టిన…"

ఎలీసమ్మ లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. "నేను ఈ విందూ అదీ ఎప్పుడూ చూళ్ళేదు. బాబా మాకు వెయ్యలేదు. అక్కడే ఆపేసేవోడు, ప్రతిసారీ." తెర వైపు చూస్తూనే, "నేనొచ్చేక ఆపడం మొదలెట్టేడో, అంతకు ముందు నించీ అంతేనో," అంది. ఆ సంగతి చెప్పగలవాళ్ళు ఎవరూ లేరు. గదిలో నాలుగడుగులు అటు వేసి ఇటు వచ్చింది. "ఇంకోసారి వెయ్యి బాబూ. నేను చెప్పినచోట ఆపెయ్యి."

ఆ శనివారమే ఎనిమిదో తరగతి పిల్లలకి చూపిద్దామని లిడియా ప్రతిపాదించింది. ఇంట్లో అన్ని రకాల సినిమాలూ చూసే పిల్లలు ఈ మూగబొమ్మని అయిదు నిమిషాలు భరిస్తారా అని శివశంకర్‌కి అనుమానం. స్కూలు ప్రొజెక్టరుతో గోడ మీద బొమ్మ పడ్డాక మొదట్లో గుసగుసలు వినిపించాయి. కోడిపెట్ట ఎగిరాక ఆగిపోయాయి. ఎలీసమ్మ చెప్పిన చోట శివశంకర్ ఆపాడు. గరిటె ఊపుతున్న చిన్న మనిషి గోడమీద అలా నిలిచిపోయింది.

పిల్లలు కదల్లేదు. ఇక ఆ రోజు ఆవిణ్ణి తేవడమా, వదిలెయ్యడమా అని ఎలీసమ్మ వెతుక్కోలేదు. ఆమె నోరు తెరిచేలోపే భవాని అనే పిల్ల లేచి నిలబడింది.

"ఆంటీ, మరి ఆవిడ అక్కడ ఎలా బతుకుద్దండీ? వాళ్ళ మాటలు రావు గదా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తెచ్చేరా లేదా అనే అడిగారు. ఎలీసమ్మ బల్లని పట్టుకుని నిలబడింది.

"మొదట్లో ఏడుస్తాదమ్మా. పనిలో ఏడుస్తాది, ఎవరికీ కనబడకుండా. అందరూ నవ్వితే తనూ నవ్వేస్తాది. తరవాత నీళ్ళెక్కడున్నాయో చూసుకుంటాది. నీళ్ళ మాట ముందు నేర్చుకోవాలి. ఆ తరవాత ఉప్పు. ఉప్పుకీ చీపురుకీ తేడా తెలీక తిట్లు తింటాది. ఎండాకాలం మేడమీద పడుకున్నప్పుడు మనూరు ఏ పక్కనుందో తెలీక నాలుగు పక్కలా తిరిగి నాలుగుసార్లు ప్రార్థన చేసుకుంటాది…"

లిడియా వెనక తలుపు దగ్గర నిలబడి ఉంది. తల్లి రెండుసార్లు కువైట్ వెళ్ళొచ్చింది. ఆ ఇంటి సినిమా గురించి లక్షసార్లు చెప్పింది గాని, ఈ మాటలు ఏనాడూ చెప్పలేదు.

"మరి ఎవరూ మాట్లాడరాండీ ఆవిడతో?" అంది భవాని.

"మాట్లాడతారు. పొయ్యి దగ్గరికి పిల్లలొస్తారు ముందు. పిల్లలకి భాష అక్కర్లేదు. ఒకడు గిన్నె చూపించి పేరు చెప్తాడు. నువ్వు తప్పు పలికితే వాడికి సరదా, మళ్ళీ చెప్తాడు…"

బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు. లిడియా నెమ్మదిగా ముందుకొచ్చి, పిల్లల మధ్య ఖాళీగా ఉన్న బెంచీ చివర కూర్చుంది.